నరం ఏది, నాడి ఏది?

కిందటి సంచికలో చేతి వణుకు గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల కట్ట చూసి సంపాదకులు ఈ నెల శీర్షిక మొత్తాన్ని నరాలకే వదిలేశారు. నేను వైద్య కళాశాలలో ముప్పై రెండేళ్లు ఫిజియాలజీ చెప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని. రోగుల్ని చూసిన డాక్టరును కాను, కాబట్టి మందుల చీటీ నా దగ్గర దొరకదు. ఒంట్లో ఏది ఎలా నడుస్తుందో అడిగితే చెప్పగలను.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. ఈ మధ్య చేతుల మీద నరాలు బాగా ఉబ్బి ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. చూసినవాళ్లంతా నరాల బలహీనత అంటున్నారు. నరాల డాక్టరుకు చూపించాలా?

జవాబు: మీరు చూస్తున్నవి సిరలు. ఒంట్లోంచి రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే గొట్టాలు. వయసు మీదపడ్డాక చర్మం పలచబడుతుంది, దాని అడుగున ఉండే కొవ్వు తగ్గుతుంది. ఎప్పటినుంచో ఉన్న సిరలే ఇప్పుడు పైకి తేలినట్టు అనిపిస్తాయి. న్యూరాలజిస్టుకు వాటితో పని లేదు. ఆయన చూసే నరం మామూలుగా కంటికి కనిపించేది కాదు.

తప్పు మీది కాదు, మాటది. తెలుగులో ఒక్క నరం చేత నాలుగు చాకిరీలు చేయిస్తున్నాం. సూది వేసేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటే అది సిర. పిడికిలి బిగిస్తే మణికట్టు దగ్గర తాళ్లలా లేచేవి స్నాయువులు, కండరాన్ని ఎముకకు కట్టే పట్టీలు; వాటినీ నరాలే అంటాం. "మెడ నరం పట్టేసింది" అన్నప్పుడు చాలాసార్లు పట్టేసింది కండరం. అసలు నరం వంతు నాలుగోది. పోనీ నాడి అందామా అంటే, నాడి పట్టి చూడటం అంటే ధమని మీద వేలు పెట్టడం. అదే నాడి పాఠ్యపుస్తకంలోకి వెళ్లేసరికి నరమైపోతుంది. ఇంత గందరగోళం ఎవరైనా పనిగట్టుకుని చేసినా కుదరదు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. గ్రీకులో న్యూరాన్ అంటే మొదట స్నాయువే. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ శవాలను కోసి చూసి, నరాలను స్నాయువుల నుంచీ రక్తనాళాల నుంచీ వేరు చేశాడు. తర్వాత, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో, గాలెన్ ఒక పంది మెడలో పోగులాంటి నరాన్ని తెంపి చూపించాడు. పంది బతికే ఉంది, పెనుగులాడుతూనే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది. నరం మోసేది రక్తాన్ని కాదు, ఆజ్ఞను అని అంతకంటే బాగా నేనెన్నడూ పాఠం చెప్పలేకపోయాను.

డిసెక్షన్ హాలులో మొదటి ఏడాది పిల్లలు ప్రతి బ్యాచిలోనూ స్నాయువును పట్టుకుని నరమనీ, నరాన్ని పట్టుకుని స్నాయువనీ అంటారు. రెండూ తెల్లగానే ఉంటాయి మరి. నేను చెప్పే చిట్కా ఒకటే: రెండు వైపులా వెతుక్కుంటూ వెళ్లండి. ఎముకకు అతుక్కుంటే స్నాయువు. చీలుతూ చీలుతూ సన్నబడి కండరంలోకో చర్మంలోకో మాయమైతే నరం. దాని లోపల బోలుగా ఉండదు. వేల పోగులను కట్టలు కట్టి, ఆ కట్టలన్నిటికీ ఒక తొడుగు వేసినట్టుంటుంది. తుంటి నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరం అన్నిటికంటే లావు, దాదాపు బొటనవేలంత.

ఇక నరాల బలహీనత. అది జబ్బు పేరు కాదు, ఒక సంచి. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికా వైద్యుడు న్యూరస్తీనియా అని ఇలాంటి సంచే ఒకటి కుట్టాడు. అలసట, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దిగులు, అన్నీ అందులో పడేశారు. మన సంచిలో కూడా అంతే: బి12 లోపం, మధుమేహం, థైరాయిడ్, ఆందోళన, ఒక్కోసారి ఉత్త ముసలితనం. మీ నాన్నగారికి అరికాళ్లు మొద్దుబారడం, పట్టు తప్పడం, నడకలో తూలడం ఉన్నాయా? ఉంటే చూపించండి. ఉబ్బిన సిరలు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ చేతులను అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: నేను పదో తరగతి. మా పుస్తకంలో కేంద్ర నాడీ వ్యవస్థ, పరిధీయ నాడీ వ్యవస్థ, స్వయంచోదిత నాడీ వ్యవస్థ అని ఉన్నాయి. మనిషికి మూడు నాడీ వ్యవస్థలు ఉంటాయా? పటం గీసి పేర్లు పెట్టమంటే మూడోది ఎక్కడ గీయాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మాయీ, నీ అనుమానం సరైనది. పటంలో మూడోదానికి చోటు దొరకకపోవడానికి కారణం ఉంది. ఉన్నది ఒక్కటే వ్యవస్థ. దాన్ని పుస్తకాలు రెండు రకాలుగా కోస్తాయి, ఒకసారి చోటును బట్టి, ఒకసారి పనిని బట్టి. ఆ రెండు కోతలను పక్కపక్కనే రాసేసరికి మూడు ముక్కలున్నట్టు కనిపిస్తాయి.

ముందు చోటు. ఎముక గూటిలో దాగినది కేంద్రం: పుర్రెలో మెదడు, వెన్నెముక సొరంగంలో వెన్నుపాము. ఆ గూడు దాటి బయటికి వచ్చినవన్నీ పరిధీయం. కచ్చితమైన నిర్వచనం కాదు గాని, పరీక్షకీ బతుక్కీ సరిపోతుంది. మెదడు దాదాపు 1.4 కిలోలు. దాని నుంచి నేరుగా 12 జతల కపాల నాడులు బయలుదేరుతాయి. వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత మందం. దాని నుంచి 31 జతలు. మెడలో 8, ఛాతీ వెనక 12, నడుములో 5, దాని కింద త్రికంలో 5, చివర ఒకటి. మెడలో వెన్నుపూసలు ఏడే గదా, నాడులు ఎనిమిది ఎలా అని ఎవరైనా అడగాలి. ముప్పై రెండేళ్లలో నన్ను ఇద్దరే అడిగారు. మొదటి జత మొదటి పూసకు పైనుంచి వస్తుంది, ఎనిమిదో జత ఏడో పూసకు కిందినుంచి వస్తుంది. లెక్క సరిపోయింది.

ఇంకో సంగతి పటంలో తప్పు గీయకు. వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉండదు. కడుపులో ఉన్నప్పుడు రెండూ సమానంగా మొదలవుతాయి, కాని ఎముక పొడవు పెరిగినంతగా వెన్నుపాము పెరగదు. పెద్దవాళ్లలో అది నడుము మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. కిందికి వెళ్లవలసిన నాడులు ఆ సొరంగంలోనే జుట్టులా వేలాడుతూ దిగుతాయి. దానికి గుర్రపు తోక అనే పేరు పెట్టారు. వెన్నులోంచి నీరు తీసే సూదిని అంత కిందుగా గుచ్చేది అందుకే. అక్కడ సూది తగిలితే ఆ పోగులు పక్కకు జరుగుతాయి. పైన అయితే తగిలేది వెన్నుపాముకు.

ఇప్పుడు పని. లోపలికి కబురు తెచ్చేవి జ్ఞాన నాడులు, బయటికి ఆజ్ఞ మోసేవి చాలక నాడులు. వెన్ను నాడులన్నీ మిశ్రమం, రెండు రకాల పోగులూ ఒకే కట్టలో. ఆజ్ఞల్లో మళ్లీ రెండు తెగలు. చెయ్యి ఎత్తు, పేజీ తిప్పు అనేవి నీకు తెలిసి వెళ్లేవి. గుండె, పేగులు, కంటిపాప, చెమట గ్రంథులకు నిన్ను అడగకుండా వెళ్లేవి స్వయంచోదితం. దాని అధికారులు మెదడులోనూ వెన్నుపాములోనూ ఉన్నారు, దాని తీగలు పరిధిలో ఉన్నాయి. అందుకే నీకు విడిగా గీయడానికి చోటు దొరకలేదు. వెన్నెముకకు రెండు పక్కలా పూసల దండలా ఒక గొలుసు గీయి, అది సహానుభూత భాగం. మెదడు అడుగు నుంచి కడుపుదాకా ఒక పొడవాటి గీత గీయి, అది వేగస్ నాడి. మార్కులు వస్తాయి.

చివరిగా ఒక సంఖ్య దిద్దుకో. పాత పుస్తకాల్లో మెదడులో 10,000 కోట్ల నాడీకణాలని ఉంటుంది. 2009లో లెక్కిస్తే సుమారు 8,600 కోట్లు తేలాయి. విచిత్రం ఏమిటంటే వాటిలో దాదాపు 6,900 కోట్లు తల వెనక అడుగున ఉండే అనుమస్తిష్కంలోనే ఉన్నాయి. బరువులో అది మెదడులో పదో వంతు మాత్రమే.

ప్రశ్న: వేడి గిన్నె తగలగానే చెయ్యి వెనక్కి వచ్చేసింది. మంట ఆ తర్వాత తెలిసింది. నొప్పి తెలియకముందే చెయ్యి ఎలా తప్పుకుంది?

జవాబు: చెయ్యి తీసే నిర్ణయం మెదడు దాకా వెళ్లలేదు. వేలి కొసనుంచి కబురు మెడ దగ్గరి వెన్నుపాములోకి వచ్చింది, అక్కడ మధ్యలో ఒకటో రెండో కణాలు దాన్ని అందుకుని చాలక కణానికి ఇచ్చాయి, భుజం కండరం ముడుచుకుంది. దీన్ని ప్రతీకార చర్య అంటాం. అదే సమయంలో కబురుకు ఒక నకలు మెదడుకు కూడా బయలుదేరింది గాని, దాని దారి పొడవు, మధ్యలో మజిలీలు ఎక్కువ. "అబ్బా" అనేది ఆ నకలు చేరాక.

మీరు గమనించారో లేదో, మంట రెండు సార్లు వస్తుంది. కాలి వేలు గడపకు కొట్టుకున్నప్పుడైతే మరీ స్పష్టంగా తెలుస్తుంది. మొదట చురుక్కుమని ఒక పోటు. ఒక క్షణం ఏమీ లేదనిపిస్తుంది. ఆ తర్వాత లోపలినుంచి ఉబికివచ్చినట్టు సలుపు. ఆ రెండూ వేర్వేరు పోగుల మీద వచ్చినవి. మొదటిదాన్ని మోసేది సెకనుకు 5 నుంచి 30 మీటర్ల దాకా పరుగెత్తే సన్నని పోగు. రెండోదాన్ని మోసేది ఇంకా సన్నని, తొడుగులేని పోగు, సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. మనిషి నడకకంటే నెమ్మది. కాలి వేలు నుంచి వెన్నుపాముకే సుమారు ఒక మీటరు దూరం. దెబ్బకూ సలుపుకూ మధ్య ఆ ఎడం ఎందుకొస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఈ వేగం కొలవడం అసాధ్యమని ఒకప్పుడు పెద్దలు అనుకున్నారు. జర్మనీలో యోహానెస్ మ్యూలర్ అంతటి శరీరధర్మ శాస్త్రవేత్త కూడా అది మన చేతికి చిక్కేది కాదన్నాడు. ఆయన శిష్యుడే హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప కాలి నరాన్ని కండరానికి దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి విద్యుత్తుతో గిల్లి, కండరం కదలడానికి పట్టిన సమయాల్లో తేడా చూశాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు వచ్చింది. తీగలో కరెంటుతో పోలిస్తే ఇది నత్తనడకే. నరంలో విద్యుత్తు తీగలోలా పారదు. పోగు లోపలి వైపు బయటికంటే 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. కబురు వచ్చిన చోట పొరలో సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, వెయ్యో వంతు సెకను పాటు ఆ తేడా తలకిందులవుతుంది, అది పక్క ద్వారాలను తెరిపిస్తుంది. ఎండుగడ్డి మీద నిప్పు పాకినట్టు. కాకపోతే ఈ గడ్డి కాలిన వెంటనే మళ్లీ మొలుస్తుంది.

వేగం పెంచుకోవడానికి జీవులు రెండు ఉపాయాలు కనిపెట్టాయి. సముద్రంలో ఉండే స్క్విడ్ తన పోగునే లావు చేసుకుంది, దాదాపు ఒక మిల్లీమీటరు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ లావు పోగులోకి తీగ దూర్చి పైన చెప్పిన సోడియం కథ తేల్చారు; 1963లో నోబెల్ వచ్చింది. మన ఒంట్లో అంత లావు పోగులు లక్షల కొద్దీ పెడితే వెన్నుపాము చెట్టు మానంత కావాలి. మనం పోగు చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు చుట్టుకున్నాం, మధ్యమధ్య చిన్న ఖాళీలు వదిలి. కబురు ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుతుంది. మనలో అత్యంత వేగమైన పోగులు సెకనుకు 120 మీటర్లు అందుకుంటాయి.

వేడి గిన్నెలో ఉన్నది చాలా విలువైనదైతే, మంట తెలుస్తున్నా మీరు దాన్ని పట్టుకుని నెమ్మదిగా కింద పెడతారు. అప్పుడు మెదడు పైనుంచి వెన్నుపాము నోరు నొక్కుతోందన్నమాట.

ప్రశ్న: మనిషి మెదడులో పది శాతమే వాడతాడట. మిగతాది మేల్కొలిపే శిక్షణ అని ఒక ప్రకటన చూశాను. మా అబ్బాయిని చేర్పించమంటారా?

జవాబు: వద్దు. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుంది. తొంభై శాతం నిద్రపోయే అవయవం ఇంత తింటుందా? శనగగింజంత చోట రక్తం ఆగితే మాట పోవచ్చు, చెయ్యి పోవచ్చు. ఖాళీగా పడి ఉన్న భాగం ఎక్కడుందో ఆ ప్రకటన ఇచ్చినవారిని పటం మీద వేలు పెట్టి చూపించమనండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. తరగతిలో గంటలు గంటలు మాట్లాడతాను, వేదిక ఎక్కితే మాత్రం గుండె దడ, నోరు ఎండిపోవడం, అరచేతుల్లో చెమట. భయం లేదని మనసుకు ఎంత చెప్పుకున్నా ఒళ్లు వినడం లేదు. దీని మీద నాకు అదుపు లేదా?

జవాబు: నేరుగా లేదు. పదో తరగతి అమ్మాయికి చెప్పిన స్వయంచోదిత భాగం ఇదే. దానిలో సహానుభూత విభాగం మిమ్మల్ని పారిపోవడానికో పోట్లాడటానికో సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెంచి, కంటిపాప పెద్దది చేసి, లాలాజలాన్ని తగ్గించి, కండరాలకు రక్తం మళ్లిస్తుంది. వేదిక మీద ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదని దానికి తెలియదు. రెండోదైన సహానుభూత పరం ఆ పనులను వెనక్కి తిప్పుతుంది. అందులో పెద్ద పాత్ర వేగస్ నాడిది.

వేగస్ గుండెను ఎలా నెమ్మదింపజేస్తుందో కనిపెట్టిన కథ నాకు మహా ఇష్టం, ప్రతి ఏడూ చెప్పేదాన్ని. నరం నుంచి గుండెకు దూకేది విద్యుత్తా, రసాయనమా అని అప్పట్లో తగువు. ఆటో లోవీ అనే శాస్త్రవేత్తకు ఒక రాత్రి కలలో ప్రయోగం కనిపించింది. లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు. తెల్లారి చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మూడింటికి అదే కల మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్మకుండా తిన్నగా ప్రయోగశాలకు వెళ్లాడట. ఇది ఆయన చెప్పుకున్న కథే. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. ఒకదానికి వేగస్ నాడిని ఉంచి దాన్ని ప్రేరేపించాడు, గుండె నెమ్మదించింది. ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండోదానిలో పోస్తే, ఏ నరమూ తాకని ఆ గుండె కూడా నెమ్మదించింది. అంటే నరం ఏదో పదార్థాన్ని వదిలింది. 1921లో ప్రకటించాడు, 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ పదార్థం అసిటైల్‌కోలిన్. నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు; మధ్యలో వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని సందు ఉంటుంది. చాలాచోట్ల కబురు ఆ సందును రసాయనంగా మారి దాటుతుంది.

మీకు పనికివచ్చే మాట ఇప్పుడు చెబుతాను. స్వయంచోదిత భాగంలోకి ఒక పక్క తలుపు ఉంది: ఊపిరి. గుండెను ఆగమంటే ఆగదు, ఊపిరిని మాత్రం మీరు తగ్గించగలరు. ఊపిరి వదులుతున్నప్పుడు వేగస్ ప్రభావం పెరిగి గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది. వేలు మణికట్టు మీద పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదిలి చూడండి, తెలుస్తుంది. వేదిక ఎక్కే ముందు పీల్చేదానికంటే వదిలేది పొడవుగా ఉండేలా ఐదు నిమిషాలు చేయండి. దడ మాయమవదు, దిగుతుంది. మనసుకు భయం లేదని చెప్పడం మాత్రం మానేయండి. ఆ కబురును ఒళ్లు అంత సులువుగా వినదు.

ప్రశ్న: కాసేపు బాసింపట్టు వేసుకుంటే కాలు తిమ్మిరెక్కి చీమలు పాకినట్టుంటుంది. ఇది మధుమేహానికి గుర్తా? నాకు నలభై ఏళ్లు.

జవాబు: లేచి నడిస్తే రెండు నిమిషాల్లో పోయే తిమ్మిరి జబ్బు కాదు. నరం మీద బరువు పడి, దానికి రక్తం అందించే సన్నని నాళాలు నలిగి, పోగులు కబురు మోయడం ఆపేస్తాయి. అది మొద్దుబారడం. బరువు తీయగానే పోగులు ఒక క్రమం లేకుండా ఎవరికి వారు మోగడం మొదలుపెడతాయి. మీకు తెలిసే చీమలు అవే.

నాకు జరిగింది చెబుతాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక రాత్రి జవాబుపత్రాలు దిద్దుతూ, కుర్చీ వీపు మీదుగా కుడి చెయ్యి వేలాడేసి నిద్రపోయాను. తెల్లవారి లేచేసరికి మణికట్టు వాలిపోయింది. ఎత్తుదామంటే లేవదు. వేళ్లు ముడుచుకుంటున్నాయి, చాపలేను. భుజం దిగువన ఎముకను చుట్టుకుని వెళ్లే రేడియల్ నాడి ఆ కుర్చీ అంచు కింద రాత్రంతా నలిగింది. వందల మందికి బోర్డు మీద గీసి చూపించిన నాడి అది! ఏడు వారాలు ఎడమ చేత్తో సుద్దముక్క పట్టుకున్నాను. వెనక బెంచీలో ఎవరో "మేడమ్ ఇవాళ పాఠాన్ని ప్రదర్శిస్తున్నారు" అన్నారు, విన్నాను, నవ్వు కూడా వచ్చింది. తిరిగి రావడానికి కారణం పోగు తెగలేదు, మయలిన్ మాత్రమే దెబ్బతింది. అది వారాల్లో మళ్లీ చుట్టుకుంటుంది. పోగే తెగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. మోచేతి దగ్గర తెగినది వేలిని చేరాలంటే ఏడాది మాట.

మధుమేహం తిమ్మిరి నడక వేరు. అది కూర్చున్నా లేచినా పోదు, రాత్రి పూట ఎక్కువ, రెండు కాళ్లలోనూ సమానంగా, వేళ్ల కొసల నుంచి మేజోడు తొడిగినట్టు పైకి వస్తుంది. కాలి వేలిలో ముగిసే పోగుకు తల్లికణం నడుము దగ్గర ఉంటుంది, పోగు పొడవు మీటరు. దానికి కావలసిన సరుకంతా ఆ కణంలోనే తయారై, వేగంగా వెళ్లేది కూడా రోజుకు 40 సెంటీమీటర్ల చొప్పున పోగు వెంట ప్రయాణిస్తుంది. అంత పొడవాటి సరఫరాకు కష్టం వస్తే ముందు దెబ్బతినేది చివరి కొసే. అందుకే పాదాల తర్వాత చేతులు. మీ తిమ్మిరి ఈ రకం కాదు. అయినా నలభై దాటాక ఏడాదికోసారి చక్కెర చూపించుకోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: మా అన్నయ్యకు ఉదయం ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనం తప్పాయి. నరం పట్టేసిందని మధ్యాహ్నం దాకా మర్దన చేశాం. ఆసుపత్రిలో స్కానింగ్ తీసి కుడివైపు మెదడులో రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ఎడమవైపు జబ్బుకు కుడివైపు చూపించడం ఏమిటి?

జవాబు: వాళ్లు చూపించింది సరైనదే. మెదడు కుడి సగం నుంచి కండరాలకు బయలుదేరే పోగుల్లో పదింట తొమ్మిది, మెదడు కాండం అడుగున మజ్జాముఖం దగ్గర ఎడమవైపుకు దాటుతాయి. ఎడమవి కుడికి. నొప్పి, వేడి తెలిపే కబుర్లు ఇంకా కిందే, వెన్నుపాములోకి వచ్చిన చోటనే దాటేస్తాయి. అనుమస్తిష్కం ఒక్కటే ఏ పక్కది ఆ పక్కనే చూసుకుంటుంది. కాబట్టి మీ అన్నయ్య చేతికి ఏమీ కాలేదు. దాని నరాలు, కండరాలు బాగానే ఉన్నాయి. ఆజ్ఞ ఇచ్చే చోట పోయింది.

ఇలా రాయడానికి బాధగానే ఉంది గాని, ఇంకొకరికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. మొదటి ఉత్తరంలో నవ్వుకున్న ఆ మాటే ఇక్కడ పూట తినేసింది. నరం అనగానే మన చెయ్యి నొప్పి ఉన్న చోటికే పోతుంది. రక్తనాళాన్ని పూడ్చిన రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ స్కానింగ్‌లో రక్తస్రావం లేదని చూశాక. హఠాత్తుగా మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది మొదలైన సమయం గుర్తుపెట్టుకుని నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి. మర్దన వద్దు, నోట్లో ఏమీ పోయవద్దు.

మీ అన్నయ్య విషయంలో ఇప్పుడు ఫిజియోథెరపీ ఒక్క రోజు కూడా మానకండి. చచ్చిన కణాలు తిరిగి రావు. చుట్టూ మిగిలినవి కొంత పని నేర్చుకుంటాయి, చేయిస్తేనే. మొదటి నెలల్లో ఎక్కువగా నేర్చుకుంటాయి.

ప్రశ్న: ప్రమాదంలో మోకాలి కింద నా కాలు తీసేశారు. రెండేళ్లయింది. లేని కాలి బొటనవేలు ఇప్పటికీ దురద పెడుతోంది, రాత్రుళ్లు మెలితిప్పినట్టు నొప్పి. ఇంట్లో చెబితే మనసు సరిగా లేదంటున్నారు.

జవాబు: మీ మనసు బాగానే ఉంది. అవయవం తీసేసినవారిలో చాలామందికి ఇది ఉంటుంది. 1871లోనే సైలాస్ వెయిర్ మిచెల్ అనే అమెరికా వైద్యుడు, అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికుల్ని చూసి, దీనికి ఒక పేరు పెట్టాడు. మనం మాయ అవయవం అనుకుందాం. కాలు పోయింది గాని, మెదడు పైపొరలో ఆ కాలికి కేటాయించిన చోటు అలాగే ఉంది. తెగిన నరాల కొసలు కూడా అప్పుడప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటాయి. ఆ చోటు మేల్కొంటే, అది ఏ కారణంతో మేల్కొన్నా, మీకు తెలిసేది బొటనవేలే.

1990లలో విలయనూర్ రామచంద్రన్ అనే నాడీ శాస్త్రవేత్త ఒక చవక ఉపాయం ప్రయత్నించాడు, అద్దం. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, ఉన్న కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనిపించేలా కూర్చోవాలి. ఉన్న కాలిని మెల్లగా కదిలిస్తే, లేనిది కూడా మెలిక విప్పుకున్నట్టు కళ్లు మెదడుకు చెబుతాయి. అందరికీ తగ్గదు, కొందరికి బాగా తగ్గుతుంది. మీకు కాలు అమర్చే చోట ఫిజియోథెరపిస్టును అడిగితే మొదటిసారి దగ్గరుండి చేయిస్తారు. నొప్పికి వేరే మందులు కూడా ఉన్నాయి, అవి న్యూరాలజిస్టు రాయాలి.

పోయింది కుడి కాలో ఎడమ కాలో మీరు రాయలేదు. అద్దం మెరిసే పక్క, మీకు మిగిలిన కాలి వైపుకు ఉండాలి, అది మరిచిపోకండి. బొటనవేలు దురద పెట్టినప్పుడు, అద్దంలోకి చూస్తూ ఉన్న కాలి బొటనవేలు గోకి చూడండి. తగ్గిందో లేదో నాకు రాయండి.